కాటా ఎవరి చేతిలో ఉంది?

అనకాపల్లి బెల్లం మార్కెట్టు మొహం చూసిన రైతుకి ఒక సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. చెరుకు వేసింది తనే, గానుగాడింది తనే, పొయ్యి దగ్గర కళ్ళు మండేలా పాకం కాచింది తనే. ధర మాత్రం తనది కాదు. అది కాటా దగ్గర, వేలం పాట దగ్గర తేలుతుంది. అక్కడ రైతు నిలబడి చూస్తాడంతే.

ఉన్నత చదువుల్లో ఉత్తరాంధ్ర బతుకు అచ్చం ఇదే. యూనివర్శిటీ మన గడ్డ మీద ఉంది. భూములు మనవి, పిల్లలు మనవాళ్ళు. ఎన్ని సీట్లు, ఎంత ఫీజు, స్కాలర్‌షిప్పు ఎవరికి, ఏ డిపార్ట్‌మెంటు బతకాలి, ఏది చావాలి, వైస్‌చాన్సలర్ ఎవరు – ఇవి తేలేది మాత్రం ఇక్కడ కాదు. ఒకప్పుడు హైదరాబాదులో, ఇప్పుడు తాడేపల్లి, మంగళగిరి చుట్టుపక్కల, ఎప్పుడూ ఢిల్లీలో. ఆ తేల్చే పనికి కూడా ఒక చదువుంది, దాన్ని పీజీ డిగ్రీగా చెప్పే యూనివర్శిటీలు ప్రపంచంలో ఉన్నాయి అంటే మన నాయకులు నోరెళ్ళబెడతారు. ఉన్నత విద్యా విధానం, పరిపాలన అన్నది ఆ డిగ్రీ పేరు. ఈ వారం మేం మాట్లాడదలచుకున్నది దాని గురించే. ఉద్యమానికీ దీనికీ ఏం సంబంధం అని అడిగే మిత్రులు కాస్త ఓపిక పట్టాలి.

నూరేళ్ళ ఇంట్లో మనం అద్దెకున్నాం

ఆంధ్రా యూనివర్శిటీ 1926లో పుట్టింది. మొదట బెజవాడలో కాపురం పెట్టి, 1930లో వాల్తేరుకి వచ్చింది. 2026 ఏప్రిల్ 26తో దానికి వందేళ్ళు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల చొప్పున ఇస్తానని ముందుకొస్తే సైన్సు, టెక్నాలజీ కాలేజీ లేచింది. మొదటి వైస్‌చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిది చిత్తూరు జిల్లా. తర్వాత వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ది తిరుత్తణి. వాళ్ళని మనం పరాయివాళ్ళనలేదు, ఇప్పుడూ అనం. బ్రిటిష్ ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా వైస్‌చాన్సలర్ కుర్చీని వదిలేసి వెళ్ళిన మనిషి కట్టమంచి. ఈ రోజు రాష్ట్రంలో ఏ యూనివర్శిటీలోనైనా సరే, పైనుంచి ఫోను రాకుండా ఒక్క ఫైలు మీద సంతకం పెట్టగలిగేవారు ఎందరున్నారో లెక్క తీయండి చూద్దాం.

తప్పు కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కడిది కాదు. కుర్చీ తయారీలోనే ఉంది. పాత రోజుల్లో పట్టభద్రులు ఓట్లేసి పంపిన ప్రతినిధులు సెనేట్‌లో కూర్చునేవారు. ఆ సెనేట్ పోయింది. ఆంధ్రా యూనివర్శిటీతో సహా రాష్ట్రంలోని పాత యూనివర్శిటీలని ఒకే గాటన కట్టిన 1991 నాటి చట్టం కింద పాలకమండలి సభ్యులని ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. ఉన్నత విద్యా శాఖ, ఆర్థిక శాఖ కార్యదర్శులు హోదా రీత్యా వచ్చి కూర్చుంటారు. వైస్‌చాన్సలర్ పేర్లు వెతికే కమిటీలో ముగ్గురుంటారు. ఒకరు పాలకమండలి మనిషి, ఒకరు యూజీసీ మనిషి, ఒకరు ప్రభుత్వం మనిషి. పాలకమండలినే ప్రభుత్వం నింపితే ఆ ముగ్గురిలో ఇద్దరు ఎవరి మనుషులో రెండో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు.

పోనీ ఢిల్లీవాళ్ళు బాగుచేస్తారా? 2025 జనవరిలో యూజీసీ ఒక ముసాయిదా వదిలింది. దాని ప్రకారం వెతుకులాట కమిటీలో రాష్ట్ర ప్రభుత్వ నామినీ బదులు చాన్సలర్ నామినీ ఉంటాడు. పరిశ్రమల్లో, పరిపాలనలో పనిచేసి వచ్చినవాళ్ళు కూడా వైస్‌చాన్సలర్లు కావచ్చు. అంటే తగాదా అంతా ముఖ్యమంత్రి చేతిలో ఉండాలా గవర్నరు చేతిలో ఉండాలా అన్నదే. మధ్యలో శ్రీకాకుళం పట్టభద్రుడి ఊసు, పాడేరు విద్యార్థి ఊసు ఎక్కడైనా వినబడిందా?

లెక్కలో దాక్కున్న దగా

మనకి జరిగిన అన్యాయాల్లో పెద్దవన్నీ లాఠీతో జరగలేదు. లెక్కతో జరిగాయి.

1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం, దాని కింద 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. 85 శాతం సీట్లు స్థానికులకే అన్నారు. బాగుంది. స్థానికుడు ఎవరు? రాష్ట్రాన్ని మూడు యూనివర్శిటీ ప్రాంతాలుగా విడగొట్టారు. ఆంధ్రా యూనివర్శిటీ ప్రాంతం అంటే ఇచ్ఛాపురం నుంచి ప్రకాశం జిల్లా చివరిదాకా అన్నారు. అంటే మాడుగుల కొండ కింద సర్కారు బడిలో చదివిన పిల్లా, గుంటూరు కార్పొరేట్ కాలేజీలో రెండేళ్ళు బందీగా ఉండి రుబ్బించుకున్న కుర్రాడూ ఇద్దరూ ఒకే స్థానికులు! మరుసటేడు ఉద్యోగాల కోసం ఇచ్చిన ఉత్తర్వులో మాత్రం మన జిల్లాలు విడిగా ఒకటో జోన్. కొలువు దగ్గర మనం వేరు, ఆ కొలువు తెచ్చిపెట్టే చదువు దగ్గర మాత్రం కృష్ణా, గుంటూరుతో ఒకటి. ఇదెక్కడి తర్కం? ఆ గీత గీసే రోజున బల్ల దగ్గర మన జిల్లాల తరఫున కాగితం చదివి, పెన్ను పట్టుకుని, "ఆగండి" అన్నవాడు ఎవడు?

ఈ లెక్క అక్కడితో ఆగలేదు. 2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. తెలంగాణకి బాసర, రాయలసీమకి ఇడుపులపాయ, కోస్తాకి నూజివీడు. చూశారా, మూడు ప్రాంతాలకీ న్యాయం జరిగిపోయింది! ఉత్తరాంధ్ర కోస్తాలో కలిసిపోయింది కనక మన వాటా నూజివీడులో ఉందని తృప్తిపడాలి. శ్రీకాకుళం పేరున ఒకటి ప్రకటించడానికి 2016 దాకా పట్టింది. ఎనిమిదేళ్ళంటే ఎన్ని పదో తరగతి బ్యాచీలో లెక్కేసుకోండి.

రాయలసీమవాళ్ళు ఈ ఆట ముందే అర్థం చేసుకున్నారు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో వాళ్ళు ముందుగా రాయించుకున్నవాటిలో యూనివర్శిటీ ఒకటి. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ కేంద్రం ఉండాలన్నారు. అనుకున్నవన్నీ దక్కలేదు, ఆ బాధ వాళ్ళది. కాని అడగవలసింది ఏ మాటల్లో అడగాలో వాళ్ళకి తెలుసు. 1954లో తిరుపతిలో వెంకటేశ్వర యూనివర్శిటీ వచ్చింది.

ఇక పీజీ చదువుల కథ. 2020 దాకా ఆంధ్రా యూనివర్శిటీ తన పీజీ ప్రవేశ పరీక్ష తానే పెట్టుకునేది. ఆసెట్ అంటే ఇంటింటికీ తెలుసు. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే పీజీసెట్. ఆ ఏడు నిర్వహణ కడపలోని యోగి వేమన యూనివర్శిటీకి అప్పగించారు. ఒకే దరఖాస్తు, ఒకే ఫీజు, పేద పిల్లలకి కొంత మేలే, కాదనం. కాని తన విద్యార్థిని తానే ఎంచుకునే హక్కు తొంభై ఏళ్ళు దాటిన యూనివర్శిటీకి పోతుంటే ఒక్క చర్చ జరిగిందా?

అంతకు ముందే, 2020 డిసెంబరు 25న 77వ నంబరు జీవో వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంటు కట్. అనకాపల్లి, చోడవరం, నర్సీపట్నంలో ఉండి ఇంటి దగ్గర్నుంచి బస్సెక్కి ఎమ్మెస్సీ, ఎంకాం చదువుకునే పేద పిల్లల మీద పడిన దెబ్బ అది. 2024 ఎన్నికల్లో దాన్ని రద్దు చేస్తామని మాటిచ్చి ఓట్లడిగారు. పీజీ లేని బీయెస్సీ పిల్లలు ఎక్కడికి పోతారు? పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీల నైట్ షిఫ్టులోకి. అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఏం జరిగిందో, 17 మంది ఎలా పోయారో ఈ జిల్లాకి గుర్తు చేయక్కర్లేదు.

2021లోనే 42వ నంబరు జీవో. ఎయిడెడ్ కాలేజీలు అధ్యాపకులనైనా సర్కారుకి అప్పగించాలి, ఆస్తులతో సహా కాలేజీనైనా అప్పగించాలి అన్నట్టు తయారైంది. గొడవలయ్యాక ఆ నవంబరులో మెమో ఇచ్చి కొంత వెనక్కి తగ్గారు. మన ఊళ్ళో ఏఎంఏఎల్ కాలేజీ పేరు విప్పి చదవండి. అనకాపల్లి మర్చంట్స్ అసోసియేషన్ లింగమూర్తి కాలేజీ. వర్తకుల సంఘం పేరు కాలేజీ పేరులోనే ఉంది. ఇలా ఊళ్ళు కూడబలుక్కుని కాలేజీలు కట్టుకున్న ప్రాంతంలో, ఎయిడ్ అంటే ఏమిటి, ట్రస్టు ఆస్తి అంటే ఏమిటి, ప్రభుత్వం ఎంతవరకు చెయ్యి పెట్టవచ్చు అని చెప్పగలిగినవాడు కావాలంటే ఆ రోజుల్లో హైకోర్టు వకీలు దగ్గరకి పరిగెత్తవలసి వచ్చింది.

ఆ అమ్మాయి అడిగిన చదువు

మాకు తెలిసిన ఒకమ్మాయి ఉంది. పేరెందుకు. అనకాపల్లికి పక్క మండలం. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో అయిదేళ్ళుగా పని. అఫిలియేషన్ ఫైలు ఆమె కడుతుంది. రీయింబర్స్‌మెంటు జాబితాలు ఆమె ఎక్కిస్తుంది. కేంద్రానికి పంపే ఉన్నత విద్యా సర్వే లెక్కలు ఆమె పూరిస్తుంది. న్యాక్ బృందం వస్తుందంటే మూడు నెలలు ఆమెకి నిద్రుండదు. సంతకం మాత్రం ప్రిన్సిపాల్‌ది. ఈ పనంతా ఎందుకు చేస్తున్నామో, ఈ నిబంధన ఎవరు రాశారో, దాన్ని మార్చాలంటే ఎక్కడ అడగాలో చదువుకోవాలని ఆమెకి కోరిక పుట్టింది. ఇంట్లో చెబితే చెరుకు రైతైన తండ్రి అన్నమాట ఇది: "ఏటమ్మా, యూనివర్శిటీని నడపడానికి కూడా సదువుంటాదేటి?"

ఉంది బాబూ. అమెరికాలో క్లార్క్ యూనివర్శిటీలో స్టాన్లీ హాల్ ఈ విషయం మీద 1893లోనే పాఠాలు మొదలుపెట్టాడు. కొలంబియా టీచర్స్ కాలేజీలో ఉన్నత విద్య మీద ఎం.ఎ. ఉంది. బోస్టన్ కాలేజీలో ఫిలిప్ ఆల్ట్‌బాక్ 1995లో దీనికోసమే ఒక కేంద్రం పెట్టాడు. యూనివర్శిటీల చరిత్ర, చట్టం, డబ్బు లెక్కలు, ప్రవేశాల విధానం, విద్యార్థి సంక్షేమం, గణాంకాలు చదవడం – ఇవీ పాఠాలు. మన దేశంలో ఢిల్లీలో నీపా ఉంది. 1962లో యునెస్కో ప్రాంతీయ కేంద్రంగా మొదలై, ఎన్నో పేర్లు మారి, 2006లో డీమ్డ్ యూనివర్శిటీ అయింది. ఉన్నత విద్యా విధానం మీద అక్కడొక పరిశోధన కేంద్రం 2014లో వచ్చింది. దూరవిద్యలో ఇగ్నో డిప్లొమాలున్నాయి. మన ఎంఎడ్‌లో విద్యా నిర్వహణ ఒక పేపరు, అదీ ఎక్కువగా స్కూళ్ళ గురించే. ఈ అమ్మాయి బోస్టన్ వెళ్ళాలంటే తండ్రి పొలం మొత్తం అమ్మినా చాలదు. ఢిల్లీ వెళ్ళాలంటే ఉద్యోగం వదలాలి. వాల్తేరు అయితే బస్సులో గంటన్నర. అక్కడ ఆ కోర్సు లేదు.

వందేళ్ళ యూనివర్శిటీలో యూనివర్శిటీల గురించి చదువుకునే చోటు లేకపోవడం కన్నా వింత ఏముంటుంది? వైద్యుడు కావాలంటే వైద్యం చదవాలి. తాసిల్దారు కావాలంటే పరీక్ష రాయాలి. వేలమంది పిల్లల భవిష్యత్తుని నడిపే రిజిస్ట్రారు కుర్చీకి మాత్రం నిన్నటిదాకా ఫిజిక్సో కామర్సో చెప్పిన అనుభవం చాలు. ఆ ప్రొఫెసర్లు మంచివాళ్ళే కావచ్చు. బ్లాకు గ్రాంటు ఎలా లెక్క కడతారో వాళ్ళకి నేర్పిందెవరు? ఇచ్చేది జీతాలకి, పింఛన్లకి సరిపోతే గొప్ప అన్నట్టున్నప్పుడు ఎదురు లెక్క వేసి పంపగలిగింది ఎవరు? 2023 అక్టోబరులో రాష్ట్రంలోని 18 యూనివర్శిటీల్లో 3,220 అధ్యాపక పోస్టులకి ప్రకటనలిచ్చారు. అవి కోర్టుల్లో చిక్కుకున్నాయి. రోస్టరు, రేషనలైజేషను దగ్గర తప్పటడుగులు పడితే ప్రతిసారీ ఇదే గతి. ఏళ్ళ తరబడి నెట్ పాసై కూర్చున్న మన పిల్లల నెత్తి నెరుస్తోంది.

ఉద్యోగమేది అంటారు, రాష్ట్రం ముందు అంటారు

ఈ మాట ఎత్తగానే రెండు వైపుల నుంచి రాళ్ళు పడతాయి.

మొదటి రాయి: ఈ డిగ్రీ చదివితే ఉద్యోగం ఏది? న్యాయమైన ప్రశ్నే. ప్రతి కాలేజీకి ఈ రోజు న్యాక్ పని ఉంది, ర్యాంకుల పని ఉంది, ప్రవేశాల పని ఉంది. ప్రైవేటు యూనివర్శిటీలు ఇలాంటివాళ్ళని బయటి నుంచి తెచ్చుకుంటున్నాయి. సర్కారు వైపు అయితే యూనివర్శిటీల్లో పరిపాలన కేడరుకి ఈ డిగ్రీని అర్హతగా గుర్తించమని కొట్లాడాలి. గుర్తింపు లేకుండా కోర్సు పెడితే అది ఇంకో కాగితం అమ్మే దుకాణం అవుతుంది. సెల్ఫ్ ఫైనాన్స్ పేరు పెట్టి, లక్ష ఫీజు గుంజి, గెస్టు ఫ్యాకల్టీతో నడిపే బేరమైతే మాకు అక్కర్లేదు, ముందే చెబుతున్నాం.

రెండో రాయి మన శిబిరం నుంచే వస్తుంది. ముందు రాష్ట్రం రానీ, చదువుల సంగతి తర్వాత చూద్దాం అంటారు. 2014 చూసి కూడా ఈ మాట అంటారేమిటి? ఉన్నత విద్యామండలి 1988లో పుట్టింది, దేశంలో ఇలాంటిది మొట్టమొదటిది. రాష్ట్రం విడిపోగానే హైదరాబాదులోని ఆ మండలి ఎవరిది అన్న గొడవ వచ్చింది. బ్యాంకు ఖాతాలు ఆగిపోయాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 2016 మార్చి 18న తీర్పు వచ్చేదాకా మండలి డబ్బు మండలి చేతికి రాలేదు. పునర్విభజన చట్టంలో పదో షెడ్యూలు అని రెండు ముక్కలు రాసి వదిలేసినందుకు కట్టిన మూల్యం అది. రేపు మన రాష్ట్రమే వచ్చిందనుకోండి. ఆంధ్రా యూనివర్శిటీ ఆస్తులు, దూరవిద్య ఆదాయం, పింఛన్ల భారం, స్థానికత నిర్వచనం – వీటి మీద ఒక్కో పేరా రాసి బల్ల మీద పెట్టగల మనుషులు మన దగ్గర ఎందరున్నారు? మైకు పట్టుకునేవాళ్ళకి కొదవలేదు.

అదే చట్టం మనకి గిరిజన యూనివర్శిటీ ఇస్తామంది. తరగతులు మొదలైంది 2019లో, అదీ విజయనగరంలో ఆంధ్రా యూనివర్శిటీ పాత పీజీ సెంటరులో. స్థలం రెల్లి నుంచి మెంటాడ, దత్తిరాజేరు వైపు మారింది. శంకుస్థాపన 2023 ఆగస్టులో. స్థలం ఎందుకు మారిందో, మారితే ఖర్చెంతో, పిల్లలకి దూరమెంతో ఏ నాయకుడైనా కాగితం మీద పెట్టాడా? ఒకాయన కొబ్బరికాయ కొట్టాడు, ఇంకొకాయన నల్లజెండా పట్టుకున్నాడు. అంతే.

ఇప్పుడు మన జిల్లాలోనే చూడండి. నర్సీపట్నం దగ్గర మాకవరపాలెంలో 2022 డిసెంబరులో మెడికల్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. 2025 సెప్టెంబరులో పది కాలేజీలని పీపీపీలో పెట్టాలని మంత్రివర్గం తీర్మానించింది. అందులో నర్సీపట్నం ఉంది, పార్వతీపురం ఉంది. ఒక పక్షం అమ్మేశారంటుంది, ఒక పక్షం కట్టలేదంటుంది. ఆ ఒప్పందం తెప్పించి, ఎన్ని సీట్లు సర్కారు కోటా, ఫీజు నిర్ణయించేదెవరు, కంపెనీ చేతులెత్తేస్తే ఏమవుతుంది అని వాక్యం వాక్యం చదివి అనకాపల్లి నడిబొడ్డున చెప్పినవాడు మాకు కనబడలేదు.

ఇది మనకి కొత్త విద్య కూడా కాదు. గురజాడ అప్పారావు పుట్టిన ఎస్. రాయవరం ఈ జిల్లాలోనే ఉంది. కన్యాశుల్కం రాసినాయనగా అందరికీ తెలుసు, విగ్రహాలకి దండలు వేస్తారు. ఆయన మద్రాసు యూనివర్శిటీ ఫెలో. పరీక్షల్లో తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్నదాని మీద యూనివర్శిటీ వేసిన ఉపసంఘంలో కూర్చుని, మెజారిటీతో విభేదించి, 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాశాడు. ఆధారాలతో, ఉదాహరణలతో, పేజీల కొద్దీ. అప్పటికి ఓడిపోయారు ఆయనా, గిడుగూ. 1915 నవంబరు 30న గురజాడ పోయాడు. ఈ రోజు మేం ఈ పత్రిక రాస్తున్న తెలుగు ఆ ఓడిపోయిన పక్షం తెలుగే. యూనివర్శిటీ కమిటీ గదిలో కూర్చుని కాగితం మీద కొట్లాడటం అంటే అదీ.

కాబట్టి మేం అడుగుతున్నది ఇది. ఆంధ్రా యూనివర్శిటీలో ఎడ్యుకేషను, రాజనీతి – ప్రభుత్వ పాలన, న్యాయ, అర్థశాస్త్ర విభాగాలు కలిసి ఉన్నత విద్యా విధానం, పరిపాలనలో రెండేళ్ళ ఎం.ఎ. రెగ్యులర్ కోర్సు పెట్టాలి. సర్కారు ఫీజుతో, రెగ్యులర్ అధ్యాపకులతో. సగం సీట్లు కాలేజీ ఆఫీసుల్లో పనిచేస్తున్నవాళ్ళకి, సెలవు ఇచ్చి చదివించే షరతుతో. ఒక సెమిస్టరు పాడేరు, పార్వతీపురం, టెక్కలి, నర్సీపట్నం కాలేజీల్లో ఉండి చేసే పని. సబ్బవరంలో జాతీయ న్యాయ యూనివర్శిటీ ఉంది, గంభీరంలో ఐఐఎం ఉంది. మన భూముల్లో కూర్చున్నారు, నాలుగు పాఠాలు మన పిల్లలకి చెప్పడానికి వాళ్ళకి అభ్యంతరం ఉండకూడదు.

వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగే అలవాటు మాకు లేదు. 2005 సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు పంపుతున్నాం. యూనివర్శిటీ పరిపాలన పోస్టుల్లో ఉన్నవాళ్ళలో ఉన్నత విద్యా నిర్వహణలో డిగ్రీగాని డిప్లొమాగాని ఉన్నవారెందరు? 77వ జీవో తర్వాత అనకాపల్లి జిల్లా ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరికలు ఏడాదివారీగా ఎన్ని? పాలకమండలిలో గత పదేళ్ళలో ఈ ప్రాంతపు డిగ్రీ కాలేజీల నుంచి కూర్చున్నవారెవరు? దరఖాస్తు నమూనా మా ఆఫీసులో ఉంది. పది రూపాయల ఫీజు, ఒక సంతకం. డిగ్రీ పిల్లలు, కాలేజీ గుమస్తాలు, రిటైరైన లెక్చరర్లు ఆదివారం ఉదయం వచ్చి తలా ఒకటి తీసుకెళ్ళవచ్చు. ఆ అమ్మాయి మొదటిది పూరించి ఇచ్చింది.